మిగిలిన పిండాలు, ప్రభుత్వ సొమ్ము

హైదరాబాద్‌లో ఐవీఎఫ్ చేయించుకున్నామని, మిగిలిన పిండాలను మూలకణ (స్టెమ్ సెల్, అంటే ఇతర రకాల కణాలుగా ఎదగగల కణం) పరిశోధనకు ఇవ్వవచ్చా, దానికి ప్రజల పన్నుల సొమ్ము పెట్టడం సబబేనా అని అడిగారు.

ఇవ్వవచ్చు. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలను నియంత్రించే 2021 నాటి చట్టం ప్రకారం పిండాలను పదేళ్లకు మించి నిల్వ ఉంచకూడదు. ఆ తర్వాత నశించనివ్వాలి, లేదా మీ అంగీకారంతో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. అయితే రుసుము కట్టే కౌంటరు దగ్గర పది కాగితాల మధ్య దూర్చి పెట్టించుకున్న సంతకాన్ని నేను అంగీకారం అనను. ఆ పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని చదవండి.

అసలు పేచీ ఇది: మూలకణాలను తీసేది దాదాపు ఐదో రోజున. అప్పటికి పిండం కంటికి సరిగా ఆనని కణాల బంతి. ఆ మూలకణాలుండే లోపలి గుత్తిని తీస్తే పిండం మిగలదు. అది ప్రాణం తీయడమేనని నమ్మేవారిని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ఎలాగూ నశించబోయే పిండం విషయంలో ఆ వాదన నాకు బలహీనంగానే తోస్తుంది.

అమెరికాలో 2001లో బుష్ అప్పటికే ఉన్న కణశ్రేణులకే (పిండం నుంచి ఒకసారి తీసి ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే మూలకణాలకే) ఫెడరల్ నిధులను పరిమితం చేశారు. 2009లో ఒబామా ఆ పరిమితిని ఎత్తేశారు. పిండాన్ని నాశనం చేసే పనికి మాత్రం అక్కడ నేటికీ ఆ నిధులు రావు. మన దేశపు 2017 మూలకణ పరిశోధన మార్గదర్శకాలు పిండాన్ని 14 రోజులు దాటి పెంచనివ్వవు, కమిటీ ఆమోదం తప్పనిసరి అంటాయి. సర్కారు సొమ్ము ఉన్నచోట లెక్క అడగవచ్చు కాబట్టి నేను నిధులివ్వాలనే అంటాను.

అన్నట్టు, అన్నిటికీ పిండం అక్కరలేదు. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రోగి కంటి అంచున ఉండే మూలకణాలతోనే కార్నియా పైపొరను బాగుచేస్తున్నారు.