మీ ప్రశ్నలు - మా జవాబులు: హార్బర్‌కి నీళ్లకింద తాళం

ప్రశ్న: సముద్రంలో మైన్లు (ఓడల్ని పేల్చే మందుపాతరలు) వెయ్యడం నేవీ పని కదా! ఒకప్పుడు అమెరికా, బ్రిటన్‌లలో హార్బర్ల దగ్గర ఆ పని ఆర్మీ ఇంజినీర్లు చేసేవారని చదివాను. ఎందుకలా?

జవాబు: నిజమేనండీ, కారణం అమెరికా అంతర్యుద్ధంలో దొరుకుతుంది. అంతకుముందు ఒడ్డున కోట, దాని మీద ఫిరంగులు ఉంటే రేవుకి భయం లేదనుకునేవాళ్లు. తెరచాప ఓడ గాలిని నమ్ముకుని మెల్లగా వచ్చేది కాబట్టి గురిచూసి కొట్టడానికి కావలసినంత టైం ఉండేది. ఆవిరి ఓడలతో ఆ లెక్క తప్పింది. 1862 ఏప్రిల్‌లో ఉత్తరాది నౌకాదళ అధికారి ఫారగట్ న్యూ ఆర్లియన్స్ దారిలో ఉన్న రెండు కోటల ముందు నుంచే, ఫిరంగులు పేలుతుండగానే, తన ఓడల్లో చాలావాటిని రాత్రికి రాత్రి దాటించేశాడు. అంటే ఓడని కోట ముందు ఆపేది ఇంకేదో కావాలి.

అదే ఫారగట్ 1864 ఆగస్టు 5న దక్షిణాది వాళ్ల చేతిలో ఉన్న మొబైల్ బే అనే అఖాతంలోకి దూసుకొస్తుంటే అతని టెకుమ్సే అనే ఇనుప కవచం ఓడ మైన్‌కి తగిలి నిమిషాల్లో మునిగింది, 90 మందికి పైగా చనిపోయారు. అయినా మిగతా ఓడలు లోపలికి వెళ్లిపోయాయి, ఎందుకంటే నీళ్లలో నాని పాడైన మైన్లు చాలా ఉన్నాయి, పైగా కాన్ఫెడరేట్లు (దక్షిణాది వాళ్లు) తమ ఓడల రాకపోకలకని ఒడ్డునున్న ఫోర్ట్ మోర్గాన్ కోట పక్కన కొంత దారి ఖాళీగా వదిలారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. తగిలితే పేలే మైన్‌కి మనవాడెవడో పగవాడెవడో తెలీదు, మన ఓడ కోసం సందు వదిలితే శత్రువుకీ అదే సందు.

దీనికి విరుగుడు కరెంటు తీగ. మైన్ నుంచి కేబుల్ సముద్రం అడుగునే ఒడ్డుదాకా వచ్చి కోటలోని ఒక గదిలోకి చేరుతుంది. కోట కట్టింది ఇంజినీర్లే, కరెంటు పని తెలిసిందీ వాళ్లకే, కాబట్టి మైన్లూ వాళ్ల చేతికే వచ్చాయి. న్యూయార్క్ దగ్గర విల్లెట్స్ పాయింట్‌లో హెన్రీ అబట్ అనే ఇంజినీర్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1881లో పెద్ద నివేదికే ఇచ్చాడు. బ్రిటన్‌లో రాయల్ ఇంజినీర్లు 1871లో మైన్ల కోసం ప్రత్యేకంగా ఒక కంపెనీని పెట్టారు.

ప్రశ్న: అంటే ఓడ తగిలినా పేలదా?

జవాబు: గదిలో ఉన్న మనిషి తలుచుకుంటేనే పేలుతుంది. తీగలో ఎప్పుడూ సన్నటి కరెంటు పారుతుంటుంది, అది మైన్‌ని పేల్చలేదు. ఓడ తగిలి మైన్ ఊగగానే లోపల సర్క్యూట్ కలుస్తుంది, గదిలో గంట మోగుతుంది. వచ్చింది సొంత ఓడైతే ఊరుకుంటారు. శత్రువైతే పెద్ద బ్యాటరీ స్విచ్ వేస్తారు, అంతే. శత్రువు వచ్చేది చీకట్లో అయితే ఆ స్విచ్ ముందుగానే వేసి ఉంచొచ్చు, అప్పుడు తగిలిన మరుక్షణమే పేలుతుంది. ఇంకో మేలేమిటంటే, ఆ సన్నటి కరెంటుతోనే రోజూ తీగని పరీక్షించి ఎక్కడైనా నీళ్లు దిగాయేమో తెలుసుకునేవాళ్లు. మొబైల్ బేలో మైన్లు పాడైన సంగతి ముందే కనిపెట్టే ఇలాంటి దారి లేకపోయింది.

ఫిరంగుల అవసరం మాత్రం తీరలేదు. పడవల్లో వచ్చి కేబుళ్లు కోసేవాళ్లని కోట నుంచి కొట్టకపోతే ఎంత మంచి మైన్లైనా ఒక్క రాత్రిలో పోతాయి. ఫిరంగి మైన్‌ని కాస్తుంది, మైన్ ఓడని ఫిరంగి ముందు ఆపుతుంది. అమెరికాలో ఈ పనిని 1901లో ఇంజినీర్ల నుంచి ఆర్టిలరీకి (ఫిరంగి దళానికి) మార్చారు.

ప్రశ్న: ఇంత ఖర్చుపెట్టి వేసిన మైన్లు ఎన్ని ఓడల్ని ముంచాయి?

జవాబు: మునిగిన ఓడల లెక్కతో వీటి విలువ కట్టకూడదండీ. 1898లో అమెరికాకీ స్పెయిన్‌కీ యుద్ధం జరిగినప్పుడు క్యూబాలోని శాంటియాగో రేవు ముఖద్వారంలో స్పెయిన్ వాళ్లు మైన్లు వేశారు, కొన్ని కరెంటుతో పేల్చేవే. అమెరికా అడ్మిరల్ శాంప్సన్ దగ్గర బలమైన యుద్ధనౌకలున్నాయి, అయినా ఆ ఇరుకు దారిలోకి వాటిని పంపలేదు. ముందు ఆర్మీ వచ్చి ఒడ్డున ఉన్న కోటల్ని పట్టుకుంటే మైన్లు తీసేసి లోపలికి వస్తానన్నాడు. జూన్ నెలంతా నౌకాదళం రేవు బయటే కాపు కాసింది.