మూత్రనమూనాలు సేకరించబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

జనం ఒంట్లో చేరిన రసాయనాలను మూత్రంలో కొలుస్తానన్న నీ ప్రపోజల్ చదివాను. ఏ యంత్రంతో కొలవాలో మూడు పేజీలు రాశావు, నమూనా ఎలా పట్టాలో మూడు లైన్లతో సరిపెట్టావు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నానమ్మా, లెక్క తప్పేది చాలావరకు ఆ మూడు లైన్ల దగ్గరే.

ముందు, నువ్వు వెతికే పదార్థం ఒంట్లో ఎంతకాలం ఉంటుందో చూసుకో. బిస్‌ఫినాల్ ఏ, థాలేట్లు లాంటి ప్లాస్టిక్ రసాయనాలు ఒక రోజులోపే చాలావరకు బయటికి పోతాయి. పొద్దున పట్టిన డబ్బా నిన్నటి కబురే చెబుతుంది. అందుకని ఒక్క నమూనా చూసి ఫలానా మనిషికి ఎక్కువ అని రాసెయ్యకు, వేర్వేరు రోజుల్లో రెండు మూడు సార్లైనా పట్టు. కాడ్మియం సంగతి వేరు. అది మూత్రపిండాల్లో ఏళ్ల తరబడి పేరుకుంటుంది, దాని పాత చరిత్ర ఒక్క డబ్బాలోనే కనిపిస్తుంది. సీసం కొలవాలంటే మాత్రం రక్తమే తీసుకో.

నేను కొత్తలో చేసిన ఒక పనిలో అందరికీ బిస్‌ఫినాల్ ఏ ఎక్కువే వచ్చింది. అనుమానమొచ్చి అదే రకం డబ్బాలో శుద్ధజలం పోసి పరీక్షిస్తే, నీళ్లలోనూ ఉంది! రెండు నెలల శ్రమ పారబోశాం. జనం నమ్మి ఇచ్చిన నమూనాలవి, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే ప్రతి ఇరవై డబ్బాలకు ఒకదాంట్లో శుద్ధజలం పోసి, నమూనాలతో పాటే ఐస్‌పెట్టెలో, ఫ్రీజర్‌లో తిప్పు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఒంట్లోంచి వచ్చే బిస్‌ఫినాల్ ఏ దాదాపు అంతా ఒంట్లోనే వేరే పదార్థంతో జతకట్టి గ్లూకురోనైడ్‌గానో సల్ఫేట్‌గానో మారి వస్తుంది. విడిగా ఉన్నది ఎక్కువ కనిపించిందంటే డబ్బానో, చేతి తొడుగునో అనుమానించు.

కండరాల నుంచి పుట్టి మూత్రంలో పోయే క్రియాటినిన్ తప్పక చూడు. లీటరుకు 0.3 నుంచి 3 గ్రాముల మధ్య లేకపోతే ఆ నమూనా మరీ పల్చనో, మరీ చిక్కనో అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఒకావిడ డబ్బాలో అది 0.1 వచ్చింది. వెళ్లి అడిగితే తలవంచుకుని, "కొంచెమే వచ్చిందండీ, తక్కువిస్తే బాగుండదని నీళ్లు కలిపాను" అంది. తప్పు ఆవిడది కాదు, ఎంత చాలో చెప్పని నాది. డబ్బా మీద గీత గీసి, ఇంతైనా చాలని నోటితో చెప్పు. పిల్లలకు, ముసలివాళ్లకు కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ కూడా తక్కువే, వాళ్లకు విశిష్ట గురుత్వం (నీళ్లతో పోలిస్తే మూత్రం ఎంత చిక్కనో) కూడా కొలిచిపెట్టుకో.

తిండి, పొగ గురించి అడగడం మరిచిపోకు. చేపలు తిన్నవాళ్లలో మొత్తం ఆర్సెనిక్ అమాంతం పెరుగుతుంది. అందులో పెద్దవాటా హాని చెయ్యని ఆర్సెనోబీటైన్, రూపాలు విడదీసి కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. బెంజీన్ ఒంట్లో చేరిందేమోనని దాన్నుంచి పుట్టే మ్యుకానిక్ ఆమ్లం చూస్తే, నిల్వ ఆహారంలో వేసే సార్బిక్ ఆమ్లం కూడా కొంత అదే అవుతుంది. పొగతాగేవాళ్లకు, పొగలోని రసాయనాలకు గుర్తుగా కొలిచే 1-హైడ్రాక్సీపైరీన్ ఎలాగూ ఎక్కువే ఉంటుంది, ఎవరు తాగుతారో తెలియకపోతే దాన్ని గాలి కాలుష్యం ఖాతాలో రాసేస్తావు.

ఫలితం చేతికొచ్చాక ఎవరికి, ఏ మాటల్లో చెప్పాలో ఇప్పుడే రాసిపెట్టుకో. ఇంటికెళ్లి అంకె చెబితే, "ప్రమాదమా?" అని తల్లి నీ మొహంలోకి చూసి అడుగుతుంది.

మొదటి ఇరవై డబ్బాల క్రియాటినిన్, శుద్ధజలం అంకెలు నాకు పంపు. నేను చూసేదాకా కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లకు.

ఆశీస్సులతో,
మీ మేడమ్