పాత స్కూబా సామాను వాళ్లందరినీ పోగుచేస్తున్న మేనకోడలికి

టాంపా

చిరంజీవి అమ్మడూ,

వచ్చే నెల ఒక శని ఆదివారం అలెగ్జాండర్ స్ప్రింగ్స్‌లో పాత స్కూబా సామాను ఉన్నవాళ్లందరినీ పిలుస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్ఫైమంది దాకా వస్తారట. సంతోషం ఎంతో, భయమూ అంతే. సిలిండర్‌లోని గాలిని పీడనం తగ్గించి నోటికి అందించే ఆ రెండు గొట్టాల రెగ్యులేటర్‌ని అద్దాల బీరువాలో పెట్టి చూసుకునే కాలంలో దాన్ని నీళ్లలోకి దించి చూపిస్తానంటున్నావు. సముద్ర పరిశోధకుడు కూస్తో, ఇంజనీరు గాన్యాన్ కలిసి 1943లో ఫ్రాన్స్‌లో తయారుచేసిన ఆ పద్ధతి ఎనభై ఏళ్లు దాటినా ఇంకా ఊపిరి అందిస్తోందంటే, పనిచేసే యంత్రాన్ని చూస్తేనే నమ్మకం కుదురుతుంది. ఆడపిల్ల ఇంత పని నెత్తిన వేసుకుందేమిటని ఎవరైనా అంటే పట్టించుకోకు. 1955 నాటికే డాటీ ఫ్రేజియర్ అమెరికాలో మొదటి మహిళా స్కూబా శిక్షకురాలు అయ్యారు.

చోటు మంచిది ఎంచుకున్నావు. ఓకాలా అడవిలో ఆ ఊట నీళ్లు ఏడాది పొడుగునా 72 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 22. అడుగున ఇసుక, లోతు సుమారు 25 అడుగులు, తలెత్తితే ఆకాశం. విల్లిస్టన్‌లో డెవిల్స్ డెన్‌కి మారుద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అందమైన చోటే, కాదనను. కానీ నెత్తిమీద రాతి కప్పు ఉన్న చోటికి గాలి ఎంత మిగిలిందో చూపించే గేజ్ లేని సామానుతో వెళ్లకూడదు. ఒప్పుకోవద్దు.

అనుమతికి అటవీశాఖవాళ్లకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. డైవింగ్ సర్టిఫికెట్లు అందరివీ చూడు. డైవర్ జెండా ఫ్లోరిడా చట్టం ప్రకారం తేలే బోయ్‌కి కడితే 12 అంగుళాల చదరం తగ్గకూడదు. భోజనాలు మీ అమ్మ చూసుకుంటుంది, పులిహోర, పెరుగన్నం చాలు.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం రాయడమే దీనికోసం.

వచ్చేవాళ్లలో సగంమంది స్టీల్ 72 అనే పాత ఉక్కు గాలి సిలిండర్లు తెస్తారు, వాటిలో చాలావాటికి జె వాల్వ్ ఉంటుంది. కె వాల్వ్ అంటే తిప్పితే తెరుచుకునే మామూలు వాల్వ్. జె వాల్వ్‌లో అదనంగా ఒక స్ప్రింగ్ ఉంటుంది. లివర్ పైకి ఉన్నప్పుడు ఆ స్ప్రింగ్ గాలి దారిని మూయాలని చూస్తుంటుంది. సిలిండర్‌లో పీడనం బలంగా ఉన్నంతసేపూ గాలి దాన్ని నెట్టుకుని వస్తుంది. సుమారు 300 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం కొలత) దిగేసరికి స్ప్రింగ్‌ది పైచేయి అవుతుంది, ఊపిరి పీల్చడం బరువెక్కుతుంది. అప్పుడు ఆ లివర్‌కి తగిలించి సిలిండర్ పక్కన వేలాడే కడ్డీని కిందికి లాగితే స్ప్రింగ్ పక్కకి తప్పుకుని మిగిలిన గాలి వస్తుంది. పీడనం చూపించే గేజులు అందరికీ అందుబాటులోకి రాకముందు డైవర్లు ప్రాణాలు పెట్టుకున్నది ఈ కడ్డీ మీదే. గాలి బరువెక్కితే కడ్డీ లాగు, పైకి రా. అంతే వాళ్ల పాఠం.

పొరపాటు ఎక్కడ జరుగుతుందో చూడు. సిలిండర్ నింపేటప్పుడు లివర్ కిందికే ఉండాలి. పైకి ఉంచి నింపితే లోపలికి వెళ్లే గాలికి కూడా ఆ స్ప్రింగ్ అడ్డుపడుతుంది. కంప్రెసర్ గేజ్ నిండిందని చూపిస్తుంది, సిలిండర్‌లో మాత్రం ఆ మేరకు తక్కువ ఉంటుంది. కాబట్టి తెలిసినవాళ్లు కిందికి దించే నింపుతారు. నింపినవాడు తన పని తాను సరిగ్గా చేసి సిలిండర్ పక్కన పెట్టేస్తాడు. మర్నాడు పొద్దున్న వేరొకడు దాన్ని వీపున వేసుకుంటాడు. లివర్ కిందే ఉంది. దాన్ని పైకెత్తాలన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికీ తోచదు.

ఒడ్డున ఊపిరి తీసి చూస్తే ఏ తేడా తెలియదు. నిండు సిలిండర్‌తో లివర్ పైన ఉన్నా కింద ఉన్నా గాలి ఒకేలా వస్తుంది. తేడా బయటపడేది గాలి అయిపోయిన క్షణంలోనే. చెయ్యి కడ్డీ కోసం వెళ్తుంది, కడ్డీ అప్పటికే కింద ఉంటుంది. లాగడానికి ఏమీ లేదు. రిజర్వ్ లేని కె వాల్వ్ వాడు గడియారం చూసుకుంటూ జాగ్రత్తగా ఉంటాడు. జె వాల్వ్ వాడికి రిజర్వ్ ఉందన్న ధీమా, అందుకని నిమిషాలు లెక్కపెట్టడు. లేని రిజర్వ్ మీద పెట్టుకున్న ఆ ధీమాయే మనిషిని ముంచుతుంది.

లివర్ పైకి పెట్టుకుని దిగినా అది కిందికి జారే దారులున్నాయి. జీను పట్టీలు సర్దే స్నేహితుడి చెయ్యి తగలొచ్చు, గట్టు మీంచి దూకినప్పుడు కుదుపుకి దిగొచ్చు, నాచులో కడ్డీ చిక్కుకోవచ్చు. వీపు వెనక జరిగేది డైవర్‌కి కనిపించదు. స్ప్రింగ్ పాతబడి నీరసించినా ప్రమాదమే. 300 దగ్గర ఆపాల్సింది 100 దాకా ఊరుకుంటే ఆ రిజర్వ్ పైకి రావడానికి చాలదు.

25 అడుగులే కదా, ఈత కొట్టి పైకి రాలేమా అని నిన్ను ఒప్పించాలని చూస్తారు. వినకు తల్లీ. గాలి ఆగిపోయిన మనిషి చేసే మొదటి పని ఉన్న ఊపిరి బిగబట్టుకుని పైకి ఎగబాకడం. ఊపిరి నిండా బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిట్లడానికి నాలుగడుగుల లోతు చాలు. అక్కడి నుంచి గాలి బుడగ రక్తంలోకి వెళ్తే మెదడుకి చేరుతుంది. ఈ మాట శనివారం పొద్దున్న అందరినీ కూర్చోబెట్టి నీ నోటితో నువ్వే చెప్పాలి. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సరే, వినాల్సిందే.

కాబట్టి ఇలా చెయ్యి. గాలి నింపే చోట ఒక మనిషిని పెట్టు. నింపిన ప్రతి జె వాల్వ్ నోటికీ అతను ఎర్ర టేపు అడ్డంగా అంటించాలి. రెగ్యులేటర్ బిగించాలంటే ఆ టేపు పీకాల్సిందే. పీకిన చేత్తోనే లివర్ పైకెత్తాలి. పేర్ల పట్టికలో ‘లివర్ పైకి’ అని ఒక గడి గీసి, దాంట్లో జతగాడి చేత సంతకం పెట్టించు. నడుములోతు నీళ్లలో జతగాడు మళ్లీ చెయ్యిపెట్టి తడమాలి. దిగాక పది నిమిషాలకోసారి మళ్లీ. చాదస్తం అంటే అననీ.

స్ప్రింగ్ పరీక్ష శుక్రవారం సాయంత్రమే చేయించు. లివర్ పైకి పెట్టి సిలిండర్‌లోంచి గాలి మెల్లగా వదలాలి. ధార సన్నబడి ఆగిపోయాక వాల్వ్ మూసి, లివర్ దించి, గేజ్ బిగించి మళ్లీ తెరిచి చూడాలి. 300కి అటూ ఇటూ ఉంటే సరే. బాగా తక్కువుంటే ఆ సిలిండర్ రిజర్వ్ లేనిదని రాసి కట్టు. వాల్వులన్నీ ఒకే కంపెనీవి కావు, అన్నిటికీ లివర్ ఒకేలా కదలకపోవచ్చు. ఏ స్థితిలో గాలి ఆగుతోందో ఈ పరీక్షలోనే తేలుతుంది, అది చీటీ మీద రాయించు.

లెక్క కూడా చెబుతాను, వాదించేవాళ్లకి చూపించు. స్టీల్ 72లో 2475 పీఎస్‌ఐకి 71.2 ఘనపుటడుగులు, అంటే సుమారు 2000 లీటర్ల గాలి. ఆ పీడనం కూడా సిలిండర్ మీద ప్లస్ గుర్తు ఉంటేనే. గుర్తు లేకపోతే 2250. పైగా వేడిగా నింపింది చల్లారాక తగ్గుతుంది, 2000 పీఎస్‌ఐ దగ్గరే ఉందనుకో. నిమిషానికి 30 లీటర్లు పీల్చే భారీ మనిషి 25 అడుగుల లోతులో 53 లీటర్లు తాగేస్తాడు. రిజర్వ్ పక్కన పెడితే 26 నిమిషాలు. అందుకని అందరికీ 25 నిమిషాలే. ఒడ్డున గడియారం పట్టుకుని ఒకరు కూర్చోవాలి. ఇక 300 పీఎస్‌ఐ రిజర్వ్ అంటే సుమారు 240 లీటర్లు. కంగారులో నిమిషానికి 40 లీటర్లు పీల్చేవాడికి ఆ లోతులో మూడున్నర నిమిషాలు.

ప్రతి జంటలో కనీసం ఒకరికి గేజ్, రెండో రెగ్యులేటర్ ఉన్న ఇప్పటి సామాను ఉండాలి. పాత రెగ్యులేటర్‌కి వాటిని తగిలించే రంధ్రాలే ఉండవు. అంతా పాతదే కావాలని పట్టుబట్టేవాళ్లు ఉంటారు, వాళ్ల మీద నాకు గౌరవమే. అలాంటివాళ్లకి విడిగా చిన్న సిలిండర్, దానికో రెగ్యులేటర్ కట్టించు. రెండూ కుదరదంటే ఒడ్డునే కూర్చోబెట్టి సామాను చూపించమను.

సిలిండర్ల భుజం మీద 3ఏఏ2250 ముద్ర, ఐదేళ్ల లోపు హైడ్రో పరీక్ష (నీటి పీడనంతో సిలిండర్ బలం చూసేది) తేదీ, ఏడాది లోపు లోపలి తనిఖీ చీటీ చూడు. ఒక్కటి లేకపోయినా నింపవద్దు. కొన్నిటికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, దాని కింద తుప్పు దాక్కుంటుంది. 1980ల చివరి దాకా వచ్చిన కొన్ని అల్యూమినియం సిలిండర్లు 6351 అనే మిశ్రమంతో చేసినవి, మెడ దగ్గర పగులుతాయి. వాటిని చాలాచోట్ల నింపనే నింపరు. ఈ సంగతి ముందే ఉత్తరంలో రాయి, వందల మైళ్లు మోసుకొచ్చాక చెబితే మనసు కష్టపెట్టుకుంటారు.

రెగ్యులేటర్లలో ప్రాణం పోయేది రబ్బరు. గొట్టాల మడతలు సాగదీసి వెలుతురులో చూడాలి, పగుళ్లు అక్కడే ఉంటాయి. గాలి బయటికిపోయే డక్‌బిల్ వాల్వ్, ఊపిరి పీల్చినప్పుడు వంగి గాలి వదిలే రబ్బరు పొర, అంటే పెద్ద డయాఫ్రమ్, ఇప్పుడు సిలికోన్‌వి దొరుకుతున్నాయి, మార్చుకోమను. పరీక్ష తేలిక. రెగ్యులేటర్ సిలిండర్‌కి బిగించకుండా, గాలి లోపలికి వచ్చే మూతి మూసేసి, నోటితో మెల్లగా పీల్చాలి. లాక్కుని బిగిసిపోతే మంచిది. సన్నగా గాలి వస్తే ఎక్కడో లీకుంది, నీళ్లలో అక్కడినుంచే నీరొస్తుంది. రెగ్యులేటర్‌ని వాల్వ్‌కి బిగించే పాత యోక్ ఇరుకుగా ఉంటుంది, కొత్త వాల్వుల మీద కూర్చోదు. అందుకని అద్దె సిలిండర్లు తెచ్చేముందు ఒకటి బిగించి చూసుకో.

రెండు గొట్టాలది మొదటిసారి పెట్టుకునేవాళ్లని నాలుగైదడుగుల నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి నేర్పించు. నొక్కితే గాలి వచ్చి నీళ్లు తోసేసే పర్జ్ బటన్ దీనికి ఉండదు. డయాఫ్రమ్ వీపు మీద ఉంటుంది కాబట్టి నోరు దానికంటే పైకి వెళ్తే గాలి దానంతటదే తోసుకొస్తుంది, బోర్లా ఈదితే పీల్చడం కాస్త బరువు. వెల్లకిలా తిరిగితే బుసబుసా వస్తుంది, హడలిపోకూడదు. నోట్లోకి నీళ్లొస్తే ఎడమకి ఒరిగి ఊదాలి. గాలి బయటికిపోయే గొట్టం ఎడమ భుజం మీంచి వెళ్తుంది, నీళ్లు దాంట్లోంచే పోతాయి. కుడికి ఒరిగితే పోవు. ఇది నాలుగైదుసార్లు తడబడకుండా చేసినవాళ్లనే లోతుకి పంపు.

బరువుల బెల్టు సంగతి మర్చిపోకు. పాత జీనుకి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటుంది. బెల్టు దాని కింద చిక్కుకుంటే అవసరానికి ఊడి పడదు. బెల్టు అన్నిటికంటే ఆఖరున, అన్నిటికీ పైన. సముద్రంలో వాడే బరువు ఊట నీళ్లలో ఎక్కువైపోతుంది, రెండు కిలోలకి పైనే తగ్గించాలి. గాలి వాడేకొద్దీ సిలిండర్ కూడా రెండున్నర కిలోల దాకా తేలికవుతుంది, కాబట్టి ఖాళీ కాబోతున్న సిలిండర్‌తోనే తూకం చూసుకోవాలి. మెడకి వేసుకునే పాత గాలి చొక్కాలని శుక్రవారం రాత్రి ఊది పెట్టించు, పొద్దున్నకి మెత్తబడినవి నీళ్లలోకి వద్దు. మాస్కు అద్దం మీద టెంపర్డ్ (గట్టిపరచిన గాజు) అని లేకపోతే అది బల్లమీద ప్రదర్శనకే. ఆ బల్ల కూడా నీడలో వేయించు, ఫ్లోరిడా ఎండకి రబ్బరు నిలవదు.

ఆక్సిజన్ తప్పనిసరి. ఇ సైజు సిలిండర్‌లో సుమారు 680 లీటర్లు, నిమిషానికి 15 చొప్పున 45 నిమిషాలు. అడవిలోంచి ఆసుపత్రికి చేరేదాకా చాలదు, రెండు ఉంచు. ఇవ్వడం వచ్చినవాళ్లు ఇద్దరుండాలి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో ముందురోజే నడిచి చూసుకుని, డాన్ (డైవర్ల ప్రమాదాలకి సాయం చేసే సంస్థ) అత్యవసర నంబరు కాగితం మీద రాసి అక్కడ అంటించు.

విమానంలో వెళ్లేవాళ్లు వరసగా రెండు రోజులు దిగారు కనక, ఒంట్లో కరిగిన నైట్రోజన్ పోవడానికి 18 గంటలు ఆగాలి. ఆదివారం పన్నెండింటికల్లా అందరూ నీళ్లలోంచి బయటికి రావాలి, సోమవారం పొద్దున్న విమానాలకి సరిపోతుంది. ఆదివారం రాత్రి టిక్కెట్టు కొనుక్కున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పి మార్పించు.

రోజంతా పరిగెడుతూ నువ్వు తిండి మానేస్తావు, నాకు తెలుసు. మొదటి జంట దిగేముందే తిను. నువ్వు దిగాలనుకుంటే ఆదివారం దిగు, శనివారం పట్టిక నీ చేతిలోనే ఉండాలి. వచ్చేవాళ్లలో ఎవరెవరివి జె వాల్వులో, హైడ్రో తేదీలేమిటో బుధవారంలోగా రాసి పంపు. ఎర్ర టేపు చుట్టలు, వాల్వ్‌కి బిగించే గేజులు రెండూ మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య