టెక్ సందేహాలు: పాత డెస్క్‌టాప్‌ని బాగుచేసుకోవాలా, కొత్త లాప్‌టాప్ కొనాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే రకం. నా దగ్గర ఫలానా డెస్క్‌టాప్ ఉంది, షాపులో ఫలానా లాప్‌టాప్ చూశాను, రెండిట్లో ఏది ఫాస్ట్, మార్చేయమంటారా అని. వాటిలోంచి మూడు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పొడుగ్గానే ఉంటుంది, అడిగినవాళ్ళకి ఆ కంప్యూటరే అన్నం పెడుతోంది కాబట్టి తొందరపడి ఒక్క ముక్కలో తేల్చేది కాదు.

ప్రశ్న: తెనాలిలో మాది ఫోటో స్టూడియో అండి. పెళ్ళి ఆల్బమ్‌లు నేనే డిజైన్ చేస్తాను. 2014లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్, ఐ5-4570, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఫోటోషాప్‌లో ఒక షీట్ తెరిస్తే వెళ్ళి టీ తాగి రావచ్చు. షాపులో ఐ5-1235యూ లాప్‌టాప్ చూపించారు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. 12వ జనరేషన్, పది కోర్లు, మీ పాతదానికి మూడు రెట్లు స్పీడ్ అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ముందు షాపువాళ్ళ మాటలో ఎంత నిజముందో చూద్దాం. లాప్‌టాప్ ఎప్పుడూ డెస్క్‌టాప్ కంటే స్లోనే అని చాలామంది అనుకుంటారు గానీ పదేళ్ళు దాటిన డెస్క్‌టాప్ విషయంలో అది నిజం కాదు. మీ 4570 వచ్చింది 2013లో, నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్‌లు (ఒకేసారి నడపగల పనుల వరసలు), 84 వాట్లు. 1235యూ వచ్చింది 2022లో, రెండు పెద్ద కోర్లు, ఎనిమిది చిన్న కోర్లు, మొత్తం పన్నెండు థ్రెడ్‌లు, బేస్ పవర్, అంటే ఆగకుండా పని చేసేటప్పుడు వాడుకునే కరెంటు, 15 వాట్లే. అయినా సరే ఒక్క కోర్ మీద నడిచే పనిలో కొత్తది సుమారు ఒకటిన్నర రెట్లు ముందుంటుంది, కోర్లన్నీ కలిసి చేసే పనిలో రెండు రెట్లు పైనే. కాబట్టి మూడు రెట్లు అన్నది కాస్త పెంచి చెప్పినా ఉత్త అబద్ధమైతే కాదు.

కానీ మీ షీట్ తెరుచుకోనిది ప్రాసెసర్ వల్లేనా? నాకు అలా అనిపించట్లేదు. లెక్క చూడండి. మీరు చేసేది 12 బై 36 అంగుళాల షీట్ అనుకుంటే, 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్ళు) అంటే 3600 పిక్సెళ్ళు ఇటు, 10800 పిక్సెళ్ళు అటు, దగ్గర దగ్గర 3.9 కోట్ల పిక్సెళ్ళు. పిక్సెల్‌కి మూడు బైట్లు వేసుకుంటే ఒక్క లేయర్‌కే 117 ఎంబీ దాకా అవుతుంది. దాని మీద బ్యాక్‌గ్రౌండ్ ఒకటి, టెక్స్చర్ ఒకటి, మాస్క్‌లు, ఎనిమిదో పదో ఫోటోలు, అవి 24 మెగాపిక్సెల్ కెమెరావి అయితే తెరిచినప్పుడు ఒక్కోటీ 72 ఎంబీ, ఆ పైన వెనక్కి వెళ్ళడానికి ఫోటోషాప్ దాచుకునే హిస్టరీ, పక్కన క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు, వాట్సాప్ వెబ్‌లో పెళ్ళివాళ్ళు పంపే కరెక్షన్‌లు. 8 జీబీ ఎక్కడ సరిపోతుంది? ర్యామ్ నిండగానే ఫోటోషాప్ మిగిలిందంతా స్క్రాచ్ డిస్క్‌లోకి తోసేస్తుంది, మీకు స్క్రాచ్ డిస్క్ అంటే ఆ తిరిగే హార్డ్‌డిస్కే. వంటమనిషి ఎంత చేయి తిరిగినవాడైనా ఉప్పుకోసం ప్రతిసారీ పక్కవీధికి పరిగెత్తాలంటే వంట ఎప్పటికయ్యేను, ఇదీ అంతే.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. ఫోటోషాప్‌లో పెద్ద షీట్ ఒకటి తెరిచి, కింద ఎడమ పక్కన స్టేటస్ బార్‌లో డాక్యుమెంట్ సైజు కనిపిస్తుంది కదా, దాని పక్కనున్న బాణం నొక్కి ఎఫిషియెన్సీ అన్నది ఎంచుకోండి. మామూలుగా పని చేసుకుంటూ ఆ అంకె గమనించండి. 100 శాతం ఉంటే ర్యామ్ సరిపోతున్నట్టు, అంతకన్నా తగ్గితే స్క్రాచ్ డిస్క్ వాడుకుంటున్నట్టు, అందుకే స్లో. అదే టైంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో చూడండి. డిస్క్ 100 శాతం కొట్టుకుంటూ సీపీయూ ఇరవై ముప్పై శాతంలో ఖాళీగా కూర్చుందంటే ఇక డౌట్ అక్కర్లేదు. అలా కాకుండా ఎఫిషియెన్సీ 100లోనే ఉండి నాలుగు కోర్లూ నిండిపోతుంటే అప్పుడు ప్రాసెసర్ గురించి మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు ఆ లాప్‌టాప్‌ని మళ్ళీ చూడండి, అందులోనూ 8 జీబీయే. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని ఫాస్ట్ స్టోరేజ్) ఉంది కాబట్టి మొదటి వారం గాలిలో తేలినట్టుంటుంది, పెద్ద ఆల్బమ్ పట్టుకోగానే మళ్ళీ ర్యామ్ చాలదు. తీసుకునేటట్టయితే ర్యామ్ పెంచుకోవడానికి స్లాట్ ఉందో బోర్డుకే అతికించేశారో తప్పకుండా అడగండి, అతికించినదైతే కొన్నరోజు ఎంతో చివరిదాకా అంతే.

ఇంకోటి షాపులో కనపడదు. 1235యూ బేస్ పవర్ 15 వాట్లన్నాను కదా, కాసేపు మాత్రం అది 55 వాట్ల దాకా లాగగలదు. ఫోల్డర్ తెరవడం, ఒక ఫిల్టర్ వేయడం, బ్రౌజర్ ఓపెన్ చేయడం లాంటివి ఆ కాసేపట్లోనే అయిపోతాయి కాబట్టి కౌంటర్ మీద ఏ లాప్‌టాప్ అయినా రాకెట్‌లాగే ఉంటుంది. అరవై షీట్లు వరసగా జేపెగ్‌లు తీస్తున్నప్పుడో, పెళ్ళి వీడియో రెండర్ పెట్టినప్పుడో అర నిమిషమో నిమిషమో గడిచాక కంపెనీ పెట్టిన లిమిట్‌కి, ఆ ఫ్యాన్ చల్లబరచగలిగినంతకి దిగిపోతుంది. మేలో మీ ఊళ్ళో గదే నలభై డిగ్రీలుంటే ఆ చిన్న ఫ్యాన్‌కి ఇంకా కష్టం. అదే 12వ జనరేషన్‌లో డెస్క్‌టాప్ ఐ5-12400 తీసుకోండి, ఆరూ పెద్ద కోర్లే, పన్నెండు థ్రెడ్‌లు, బేస్ పవరే 65 వాట్లు, కాసేపు వేగం పెంచే టర్బోలో 117. పేరు రెండిటికీ ఐ5, జనరేషన్ రెండిటికీ 12, గంటసేపు ఆగకుండా పని చేయించారంటే మాత్రం రెండూ ఒకటి కావు. అందుకే లాప్‌టాప్ రివ్యూ చూసేటప్పుడు ఒక్కసారి కొట్టిన స్కోర్ కాదు, సినీబెంచ్ (ప్రాసెసర్ వేగం కొలిచే టెస్ట్) పది నిమిషాలు ఆపకుండా నడిపాక వచ్చిన స్కోర్ చూడండి. ఇంకా మంచిది, ఆ మోడల్ ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే మీ పాత ఆల్బమ్ ఫోల్డర్ పట్టుకెళ్ళి బ్యాచ్ ఎక్స్‌పోర్ట్ పెట్టి ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చూడండి, దాన్ని మించిన బెంచ్‌మార్క్ మీకు ఏ సైట్‌లోనూ దొరకదు.

స్క్రీన్ సంగతి కూడా చెప్పాలి, ఆల్బమ్ చేసేవాళ్ళకి ఇది స్పీడ్ కంటే ముఖ్యం అని నా గట్టి అభిప్రాయం. ఈ రేంజ్ లాప్‌టాప్‌లు చాలావాటికి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ప్యానెల్ (తక్కువ రంగులే చూపించగల స్క్రీన్) ఇస్తారు, రంగులు వెలిసినట్టుంటాయి. దాంట్లో చూసి పెళ్ళికూతురి ముఖం కలర్ సరిచేశారంటే ప్రింట్ అయ్యాక చీర ఒక రంగు, ముఖం ఒక రంగు వచ్చి ఆల్బమ్ వెనక్కొస్తుంది. లాప్‌టాప్ కొన్నా మానిటర్ విడిగా ఉండాల్సిందే, మరి అలాంటప్పుడు టేబుల్ మీద నుంచి కదలని పనికి లాప్‌టాప్ దేనికి చెప్పండి.

కాబట్టి ఎఫిషియెన్సీ తగ్గడం మీరు కళ్ళతో చూశాక నేనిచ్చే సలహా ఇది. ముందు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ లాంటి కేబుల్‌కే తగిలేది) ఒకటి వేయించండి, 500 జీబీ కనీసం. ఆ కాలం బోర్డుల్లో ఎన్‌వీఎంఈ (సాటా కన్నా ఫాస్ట్ రకం ఎస్ఎస్‌డీ) స్లాట్ సాధారణంగా ఉండదు, షాపులో అది అంటగడితే తీసుకోకండి. సాటాదే సెకనుకి 500 ఎంబీ పైన చదువుతుంది, మీ హార్డ్‌డిస్క్ 150 అందుకోవడమే గొప్ప, చిన్న చిన్న ఫైళ్ళ దగ్గరైతే తేడా ఇంకా చాలా ఎక్కువ. విండోస్, ఫోటోషాప్, స్క్రాచ్, ఇప్పుడు చేస్తున్న ఆల్బమ్ దాని మీద పెట్టి, అయిపోయిన పెళ్ళిళ్ళు హార్డ్‌డిస్క్‌కి పంపండి. ఆ హార్డ్‌డిస్క్‌కి కూడా వయసైపోయింది, జనం పెళ్ళి ఫోటోలు దాని ఒక్కదాని మీదే ఉంచకుండా ఇంకో కాపీ వెంటనే తీయండి. మీ ర్యామ్ డీడీఆర్3 అనే పాత రకం, రెండే స్లాట్లుంటే పాత 4 జీబీలు తీసేసి 8 జీబీవి రెండు వేయించండి. ఇప్పుడు ఇవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌వే దొరుకుతాయి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్ళే పనుంటే అక్కడ అడగొచ్చు, కొనేముందు మెమరీ టెస్ట్ ఒకసారి నడిపించమనండి. ర్యామ్ వేశాక ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్‌కి వెళ్ళి మెమరీ 70 శాతం ఉంటే 80 దాకా పెంచుకోండి.

మరి ఎప్పటికీ ఇదే నడపమంటున్నానా అంటే, కాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి పైవే అధికారికంగా ఒప్పుకుంటారు, మీది 4వది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి, విండోస్ 10 సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే చేరే లింక్ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే టూల్స్ ఉన్నాయని తెలుసు, ఇంట్లో ఆడుకునే మెషీన్‌కైతే ఓకే, కస్టమర్ల ఫోటోలున్నదాని మీద నేనైతే ఒప్పుకోను. ఈలోగా డబ్బు చేర్చుకుని బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్చి డెస్క్‌టాప్‌గానే అప్‌గ్రేడ్ అవ్వండి, ఇప్పుడు కొన్న ఎస్ఎస్‌డీ అందులోకీ పనికొస్తుంది. 12400 తీసుకుంటే చివర ఎఫ్ లేనిది చూడండి, ఎఫ్ ఉన్నదానికి లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు విడిగా కొనాలి. పవర్ సప్లై కూడా పదేళ్ళదే కాబట్టి దాన్నీ మార్చేయండి. కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుందన్నది ఒప్పుకుంటా, దానికి మంచి యూపీఎస్ చాలు.

ప్రశ్న: బీటెక్ సెకండియర్, వరంగల్. నా ఫ్రెండ్ డెస్క్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు ఉంది. నేను ఆర్‌టీఎక్స్ 4070 లాప్‌టాప్ తీసుకుంటే వాడిది నాది సేమ్ కదా అన్నా? గేమ్స్, కొంచెం మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు.

జవాబు: సేమ్ కాదు తమ్ముడూ, దగ్గర్లో కూడా లేదు. డెస్క్‌టాప్ 4070లో 5888 క్యూడా కోర్లు (గ్రాఫిక్స్ చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 12 జీబీ మెమరీ, 200 వాట్లు. లాప్‌టాప్ 4070లో 4608 కోర్లు, 8 జీబీ మెమరీ, పవర్ 35 నుంచి 115 వాట్ల మధ్య లాప్‌టాప్ కంపెనీ ఎంత పెడితే అంత. అసలు చిప్పే వేరు, డెస్క్‌టాప్ 4060 టీఐలో వాడిన కుటుంబం చిప్ ఇది. పేరు ఒకటే పెట్టి అమ్మడం నాకు నచ్చదు, నీలాంటివాళ్ళు అప్పుచేసి కొని తర్వాత బాధపడతారు.

నీకు గేమ్స్‌లో వచ్చే తేడా సెట్టింగ్స్ తగ్గించుకుంటే సర్దుకుపోతుంది. మెషీన్ లెర్నింగ్‌లో అలా కుదరదు, మోడల్ 8 జీబీలో పట్టకపోతే మెమరీ అయిపోయిందని ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది, స్లోగా అయినా నడుస్తుందిలే అనుకోవడానికి ఉండదు చాలాసార్లు. హాస్టల్‌లో ఉంటే, సెలవులకి ఇంటికి మోసుకెళ్ళాలంటే లాప్‌టాప్ తప్పదు, నేను కాదనను. అప్పుడు మోడల్ పేరు చూసి ఆగిపోకుండా స్పెసిఫికేషన్ పేజీలో మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ ఎన్ని వాట్లో చూడు, 115 దగ్గరున్న 4060, 60 వాట్లకి కట్టేసిన 4070కి గట్టి పోటీ ఇస్తుంది. ఇంకా, ఛార్జర్ పెట్టే గేమ్ ఆడాలి, బ్యాటరీ మీద గేమింగ్ లాప్‌టాప్‌లు చాలావరకు పూర్తి పవర్ ఇవ్వవు. రూమ్ మారకుండా ఉండేట్టయితే మాత్రం డెస్క్‌టాప్ కట్టించి, క్లాసుకి ఒక మామూలు పాత లాప్‌టాప్ పెట్టుకోవడమే నేను చెప్పేది.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని, అనంతపురం. ఇంట్లో రైజెన్ 5 5600జీ డెస్క్‌టాప్ ఉంది. మా అమ్మాయి రైజెన్ 5 7520యూ లాప్‌టాప్‌కి మారదామంటోంది. 5000 కంటే 7000 సిరీస్ కొత్తది కదా, స్పీడ్ పెరుగుతుందా?

జవాబు: తగ్గుతుంది మాస్టారూ. ఆ నంబర్‌లో మొదటి 7 ఏ సంవత్సరం మోడలో చెప్తుందంతే, లోపలి డిజైన్ ఏ తరందో చెప్పేది మూడో అంకె. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2, ఆ డిజైన్ 2019లో మొదలైంది, కోర్లు నాలుగు. మీ 5600జీలో ఉన్నది దాని తర్వాత వచ్చిన జెన్ 3, ఆరు కోర్లు, 65 వాట్లు. పైగా 7520యూ లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, 8 జీబీది కొంటే పెంచే దారి లేదు. మీ డెస్క్‌టాప్‌కి విండోస్ 11 కూడా వస్తుంది కాబట్టి మార్చాల్సిన తొందరేమీ లేదు, అమ్మాయికి బయటికి పట్టుకెళ్ళే అవసరం నిజంగా ఉంటే ఆ డెస్క్‌టాప్‌ని ఉంచుకునే లాప్‌టాప్ ఒకటి కొనండి, అదీ 7530యూ అయితే మేలు, మూడో అంకె 3, ఆరు కోర్లు. షాపులో బోర్డు మీద రైజెన్ 5 అని మాత్రమే రాస్తే పూర్తి నంబర్ అడిగి, బిల్లు మీద కూడా ఆ నంబరే రాయించుకోండి.