ఇంటర్న్‌షిప్‌లో రాసిన కోడ్ గిట్‌హబ్‌లో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ ఫైనలియర్ చదువుతున్నాను. గచ్చిబౌలిలో ఒక స్టార్టప్‌లో ఆరు నెలలు స్టైపెండ్‌తో ఇంటర్న్‌షిప్ చేశాను. వచ్చే వారం రిలీవ్ అవుతున్నాను. అక్కడ రాసిన కోడ్‌ని గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని నలుగురికీ చూపించుకునే సైట్) పెట్టి రెజ్యూమెలో చూపించుకోవచ్చా? ఇంటి దగ్గర పని చేసుకోవడానికి కస్టమర్ల వివరాలున్న ఎక్సెల్ షీట్లు కొన్ని నా గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. డిలీట్ చేసేస్తే సరిపోతుందా?
- ఓ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: కోడ్ సంగతి తర్వాత, ముందు ఆ షీట్ల సంగతి తేల్చుకోండి. కోడ్ ఎవరిదన్న దానిపై వాదనకు కాస్త చోటుంది. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఎటు చూసినా మీవి కావు. అనుమతి లేకుండా డేటా కాపీ చేసుకోవడం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేశారని రుజువైతే 66వ సెక్షన్ ప్రకారం 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మీకు దురుద్దేశం లేదని మీ ప్రశ్నే చెబుతోంది. అది కంపెనీకీ తెలియాలి.

అందుకే చెప్పకుండా డిలీట్ చేయొద్దు. ఆఫీసు లాప్‌టాప్ నుంచి సొంత డ్రైవ్‌కు ఫైళ్లు వెళితే చాలా చోట్ల లాగ్‌లో (సిస్టమ్ దానంతటదే రాసుకునే చిట్టాలో) నమోదవుతుంది. రేపెప్పుడో ఆడిట్‌లో అది బయటపడితే, ఆనవాళ్లు చెరిపేశారన్న అనుమానం వస్తుంది. ఆఫీసు మెయిల్ పనిచేస్తుండగానే మేనేజర్‌కు, హెచ్ఆర్‌కు కలిపి రాయండి. ఏ ఫైళ్లు, ఏ తేదీన, ఎందుకు ఎక్కించారో చెప్పి, తిరిగివ్వాలా, తీసేయాలా అని అడగండి. ఎవరికీ షేర్ చేయలేదని రాసే ముందు ఒక్కో ఫైలు షేరింగ్ తెరిచి, లింక్ ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చని ఉందేమో చూసుకోండి. తీసేయమంటే ట్రాష్ కూడా ఖాళీ చేయాలి, లేకపోతే అందులో 30 రోజులు ఉంటాయి. ఇంటి లాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్, ఫోన్‌లో ఆఫ్‌లైన్ కాపీలు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకున్నవి చాలామంది మరిచిపోతారు. అన్నీ అయ్యాక, తీసేశానని అదే మెయిల్‌కు జవాబుగా రాయండి.

ఇక కోడ్. కాపీరైట్ చట్టం 1957లో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందే లెక్క. అందులోని 17(సి) సెక్షన్ ప్రకారం ఉద్యోగిగానో అప్రెంటిస్‌గానో పనిలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే. మీరు ఆ లెక్కలోకి వస్తారా రారా అన్నది ఆఫర్ లెటర్‌ను బట్టి ఉంటుంది. దాన్ని తీసి ‘ఇంటలెక్చువల్ ప్రాపర్టీ’, ‘కాన్ఫిడెన్షియాలిటీ’ పేరాలు నెమ్మదిగా చదవండి. హక్కులు కంపెనీకి బదిలీ చేస్తున్నట్టు అందులో ఉండి మీరు సంతకం చేసి ఉంటే, ఇక వాదన లేదు, కోడ్ కంపెనీదే. అలాంటి కాగితమేదీ లేకుండా నోటిమాటగా బదిలీ అయిందంటే 19వ సెక్షన్ ఒప్పుకోదు. (పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు కనిపిస్తే కంగారు పడకండి. పని మానేశాక అది సాధారణంగా చెల్లదు, 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ అడ్డొస్తుంది. గోప్యత షరతు మాత్రం చెల్లుతుంది.)

గిట్‌హబ్‌లో ఇతరులకు కనిపించని ప్రైవేట్ రిపోలో (కోడ్ ఫోల్డర్‌లో) పెట్టినా సరే, అదీ కాపీయే. ఇప్పటికే పుష్ చేసి (అక్కడికి ఎక్కించి), అందులో ఏపీఐ కీ (సర్వీసులను వాడుకోవడానికి పాస్‌వర్డ్‌లాంటిది) ఉండిపోతే, ఫైలు తీసేసి మళ్లీ కమిట్ చేసినా (మార్పును నమోదు చేసినా) పాత కమిట్‌లో కీ అలాగే కనిపిస్తుంది. వెంటనే టీమ్‌కు చెప్పి కీ మార్పించండి, హిస్టరీ శుభ్రం చేయడం ఆ తర్వాత.

రెజ్యూమెకు దారి ఉంది. కాపీరైట్ రాసిన కోడ్‌కే గానీ ఆలోచనకు కాదు. అందరికీ తెలిసిన పద్ధతినే పాత కోడ్ తెరవకుండా మొదటి నుంచి రాయండి, పైథాన్‌లో ఫేకర్ లైబ్రరీతో ఉత్తుత్తి పేర్లు, నంబర్లు పుట్టించి నడపండి. కంపెనీ సొంతంగా కనిపెట్టిన కిటుకు జోలికి మాత్రం వెళ్లొద్దు, దానికి గోప్యత షరతు వర్తిస్తుంది. ఇంటర్వ్యూలో పాత కోడ్ చూపమంటే, అది కంపెనీదని చెప్పి ఈ కొత్త కోడ్ పెట్టిన రిపో లింక్ ఇవ్వండి.