ఇంజెరాకి దోసె చెయ్యి పనికిరాదు

చి.ల.సౌ. మాధవికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఇథియోపియా వెళ్ళి అడిస్ అబాబాలో కాపురం పెట్టి నెల తిరక్కముందే, వాళ్ళు రోజూ తినే పులిసిన అట్టు ఇంజెరా ఇంట్లోనే పొయ్యాలని కూర్చున్నావంటే సంతోషమే. కానీ నువ్వు పంపిన ఫోటోలు చూస్తే జరిగిందేమిటో తెలిసిపోతోంది. పిండి వాళ్ళ టెఫ్ అనే గింజదే, పోసింది మాత్రం దోసె. మధ్యలో పోసి గరిటెతో తిప్పావు, చుట్టూ నూనె వేశావు, తిరగేశావు కూడా. ఆ మూడూ ఇంజెరాకి పడవు. అసలు తప్పు అంతకుముందే, పిండి దగ్గరే జరిగింది. అక్కణ్ణుంచి చెబుతాను.

ముందు గింజ. టెఫ్ ఆవగింజ కంటే బాగా చిన్నది, నేల మీద ఒలికితే ఏరుకోవడం మన వల్ల కాదు. మన రాగికి దగ్గరి చుట్టం. ఆ మాటకొస్తే రాగి కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తుప్రాంతాల్లో పుట్టి మనదాకా వచ్చిన పంటే, అక్కడ దాన్ని దగుస్సా అంటారు. అరకు కొండల్లో పచ్చగా పూసే వలిసెలూ అంతే. అక్కడ వాటి పేరు నూగ్. ఆ నూనె కొట్లో కనిపిస్తే కొత్తదేమో అని జంకక్కర్లేదు.

టెఫ్‌లో తెల్లదాన్ని నెచ్ అంటారు, ఎర్రదాన్ని కెయ్, రెండూ కలిసినదాన్ని సెర్గెన్యా. తెల్లదానికి ధర ఎక్కువ, చుట్టాలొస్తే అదే పోస్తారు. రుచి మాత్రం ఎర్రదానిదే అని నా లెక్క. నువ్వు సెర్గెన్యాతో మొదలుపెట్టు, అయిదు కిలోలు చాలు. పొట్లాల్లో దొరికే పిండి ఎప్పుడు పట్టిందో తెలియదు, పాతదైతే సరిగ్గా పులవదు. గింజలే కొను. టెఫ్‌ని నేల మీద పరిచి ఎడ్లతో తొక్కించే పద్ధతి ఇంకా ఉంది కాబట్టి సన్నటి ఇసక కలిసే ఉంటుంది. సన్న జల్లెడ పట్టి, చేటలో చెరిగి, అప్పుడు మరకి పంపు. మరని వెఫ్చో బెత్ అంటారు. అంతకుముందు గోధుమలో బఠాణీలో పట్టిన మర అయితే మొదటి గుప్పెడు పిండి వేరే తీసేయమను. పట్టిన పిండి వేడి చల్లారాకే డబ్బాలో పొయ్యి, లేకపోతే ముక్కిపోతుంది.

ఇక పులియబెట్టడం. మనకి పెరుగు తోడు ఎలాగో, ఇంజెరాకి ఎర్షో అలాగ. ముందు పోసిన పిండి మీద తేరిన పసుపురంగు నీళ్ళే ఎర్షో. పక్కింటావిడని అడుగు, తోడు పెరుగు ఇచ్చినట్టే ఇస్తారు, అడగడానికి మొహమాటపడకు. అది లేకపోయినా పిండి తనంతట తానే పులుస్తుంది కానీ నాలుగైదు రోజులు పడుతుంది, మొదటి వాయి వాసన కూడా అంత బాగుండదు.

కిలో పిండికి లీటరున్నర నీళ్ళు, ఒక టీ గ్లాసుడు ఎర్షో. నీళ్ళన్నీ ఒక్కసారి గుమ్మరించకు. మొదట కాసిని పోసి గట్టి ముద్దగా చేత్తో పిసుకు. అయిదు నిమిషాలైనా పిసికితేనే ఉండలు పోతాయి, తర్వాత మిగతా నీళ్ళు కలుపుకుంటూ రా. మూతున్న ప్లాస్టిక్ బకెట్టో స్టీలు గిన్నో వాడు. అల్యూమినియం వద్దు, పులుపుకి లోహం రుచి దిగుతుంది. గిన్నె సగమే నిండాలి.

మూత పెట్టాక దాని జోలికి వెళ్ళకు. మినప్పిండిని కలిపి చూసుకునే అలవాటు మనకుంది, ఇక్కడ అది చెరుపు. కదిపితే మీద తేరాల్సిన నీళ్ళు తేరవు. అడిస్ రెండువేల మూడువందల మీటర్ల పైన ఉన్న ఊరు, రాత్రిళ్ళు చలి. ఎండాకాలంలో రెండు రోజులకి సిద్ధమయ్యే పిండి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే కిరెమ్త్ వానల్లో మూడు, ఒక్కోసారి నాలుగు రోజులు తీసుకుంటుంది. రోజులు లెక్కపెట్టకు, పిండిని చూడు. పొంగి, బుడగలు వచ్చి, మళ్ళీ కుంగి, పిండి అడుక్కి దిగి, మీద నీళ్ళు తేరితే అయినట్టు. ఆ నీళ్ళు మెల్లగా వంపెయ్యి. ఒక గ్లాసు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకో, వచ్చే వాయికి అదే తోడు. పులుపు నీకు ఎక్కువనిపిస్తే తేరిన నీళ్ళన్నీ తీసేసి అంతే కొలతలో మంచినీళ్ళు పొయ్యి. మీద గులాబీ రంగో, నల్లటి బూజో కనబడితే మాత్రం దాచుకోవాలని చూడకు, పిండంతా పారబోసి బకెట్టు కడిగెయ్యి.

నువ్వు వదిలేసింది దీని తర్వాత మెట్టు. దాని పేరు అబ్సిత్. నీ ఇంజెరాకి కళ్ళు, అంటే మీద పడాల్సిన చిన్న చిన్న చిల్లులు, రాకపోవడానికి కారణం ఇదే. టెఫ్‌లో గోధుమకున్న జిగురు లేదు. పులిసినప్పుడు పుట్టిన గాలిని పట్టి ఉంచేదేదో ఒకటి కావాలి. దోసె పిండికి ఆ పని మినప్పప్పు చేస్తుంది, ఇంజెరాకి ఉడికిన టెఫ్ గంజి చేస్తుంది. అడుక్కి దిగిన పిండిలో పదో వంతు తీసుకో, అంటే ఈ కొలతకి ఒక పెద్ద గ్లాసు. దానికి మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి, పిండిని సన్నగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పు. రాగిజావ చిక్కబడేటప్పుడు బుడుగు బుడుగుమని పేలుతుంది చూడు, అక్కడిదాకా రావాలి. ఆ ఎత్తులో నీళ్ళు తొంభై రెండు డిగ్రీలకే మరుగుతాయి, అందుకని ఇక్కడి అలవాటు కంటే రెండు మూడు నిమిషాలు ఎక్కువే ఉడికించు. పచ్చిగా ఉంటే పట్టదు.

దించాక చల్లారనియ్యి. వేలు ముంచితే వెచ్చగా ఉండి కాలకుండా ఉన్నప్పుడు అసలు పిండిలో కలుపు. వేడిగా కలిపితే పులుపు పుట్టించే జీవం చచ్చిపోతుంది, పిండి అక్కడక్కడ ఉడికి ఉండలు కడుతుంది. పూర్తిగా చల్లబడ్డాక కలిపితే మళ్ళీ పొంగడానికి పూట పడుతుంది. కలిపాక గోరువెచ్చటి నీళ్ళతో సర్దుకో. మినపదోసె పిండి కంటే పల్చగా, రవ్వదోసె పిండి కంటే చిక్కగా ఉండాలి. మూత పెట్టి గంట, చలిగా ఉంటే రెండు గంటలు ఆగు. నురగలా లేచి, కుంగడం మొదలవగానే పోసెయ్యాలి. అక్కడ ఆలస్యం చేస్తే పట్టిన గాలి అంతా పోతుంది. సోడా ఉప్పు వెయ్యకు. కళ్ళు వస్తాయి కానీ చేదు వస్తుంది, చల్లారితే పొడిపొడిగా విరుగుతుంది.

పెనాన్ని మిటాడ్ అంటారు. మట్టిది, రెండడుగుల వెడల్పు. ఊళ్ళో ఎక్కువమంది ఇప్పుడు కరెంటు మిటాడే వాడుతున్నారు. కొనేముందు అల్లుడుగారితో ఒక మాట చెప్పు: అది మూడున్నర నాలుగు కిలోవాట్లు లాగుతుంది. మామూలు ప్లగ్గులో పెడితే వైరు కరుగుతుంది. దానికి లావు వైరుతో వేరే లైను వేయించాలి, గీజరు వేసినప్పుడు ఇది వేయకూడదు. పిండి పొంగి సిద్ధంగా ఉన్న రోజే కరెంటు పోతుంది, అది ఎక్కడైనా అంతే. అలాంటప్పుడు గ్యాసు మీద మందపాటి దోసెపెనం మీద చిన్నవి పోసుకో, మూత మాత్రం బిగుతుగా ఉండాలి.

కొత్త మిటాడ్ మీద మొదటి రోజే ఇంజెరా రాదు. ఆవాల్లాంటి గోమెన్ జెర్ అనే గింజల్ని పొడి చేసి, వేడి మిటాడ్ మీద చల్లి, గుడ్డతో రుద్ది రుద్ది నల్లగా నున్నగా అయ్యేదాకా పదునుపెట్టాలి. తర్వాత కూడా ప్రతి వాయికీ ముందు చిటికెడు పొడి చల్లి తుడవాలి. ఆ గుడ్డ పేరు మసేషా. నూనె వెయ్యొద్దు. నూనె మీద పిండి జారి ముద్దకడుతుంది, అడుగు వేగి గట్టిపడుతుంది. ఇంజెరా అడుగు ఎర్రబడకూడదు, పాలిపోయినట్టే ఉండాలి.

పది పదిహేను నిమిషాలు కాగాక ఒక చిటికెడు పొడి పిండి చల్లి చూడు. మెల్లగా రంగు మారితే సరి, పడగానే నల్లబడితే వేడి ఎక్కువ. ఇప్పుడు పొయ్యడం. సన్నమూతి చెంబులో అరలీటరు పిండి తీసుకుని, అంచు దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా తిరుగుతూ లోపలికి రా. మనం మధ్యనుంచి బయటికి పోతాం, వాళ్ళు బయటినుంచి మధ్యకి వస్తారు. ధార తెగకూడదు, గరిటె తగలకూడదు. ఖాళీ కనబడితే చెంబుతోనే రెండు చుక్కలు వేసి పూడ్చు. పదిహేను సెకన్లలో అయిపోవాలి, లేకపోతే అంచు ఎండి మధ్య పచ్చిగా ఉంటుంది.

పోశాక మూత పెట్టడానికి తొందరపడకు. కళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుంటూ అంతటా పరుచుకుని, మీది తడి మెరుపు పోతుండగా అప్పుడు మూత వెయ్యి, దాని పేరు ‘అక్కెన్‌బాలో’. ముందే వేస్తే ఆవిరికి కళ్ళు మూసుకుపోతాయి, మరీ ఆలస్యమైతే అంచులు పగులుతాయి. మూత లోపల పట్టిన నీళ్ళు ప్రతిసారీ తుడుచుకో, ఆ చుక్క పడ్డచోట జిగటగా మచ్చ అవుతుంది. రెండు నిమిషాల్లో అంచులు తమంతట తామే లేస్తాయి. సెఫెద్ అనే గడ్డిచేట అంచు కిందికి తోసి లాగితే చాపలా జారి వస్తుంది. తిరగెయ్యడం లేదు. వేడిమీద ఒకదానిమీద ఒకటి పేర్చకు, అతుక్కుపోతాయి. ఒక్కొక్కటీ ఆరాకే దొంతర పెట్టు. కిలో పిండికి పెద్దవి అయిదారు వస్తాయి. మొదటిది పాడైతే బెంగపడకు, మొదటి అట్టు సంగతి నీకు తెలియంది కాదు.

కళ్ళు అడుగున పడి పైన నున్నగా ఉంటే మిటాడ్ మరీ కాగింది. అసలే కళ్ళు లేకపోతే అబ్సిత్ చాల్లేదు, లేదా పిండి చిక్కగా ఉంది. పోసినచోటే అతుక్కుంటే తుడవడం మరిచావు. మర్నాటికి విరిగితే ఎక్కువ కాలింది, లేదా గాలికి వదిలావు. మరీ పుల్లబడినదాన్ని కొంతాతా అంటారు, అది కూడా ఇష్టపడి తినేవాళ్ళున్నారు కాబట్టి పారేసే ముందు పనిమనిషిని అడుగు.

మనిషిని పెట్టి పోయించుకుంటానన్నావు. మంచిదే, చూసి నేర్చుకుంటే చెయ్యి త్వరగా తిరుగుతుంది. ఒక్క జాగ్రత్త: అక్కడి గడియారం తెల్లవారుజామున మొదలవుతుంది. ఆవిడ మూడింటికి వస్తానంటే మన తొమ్మిదింటికి. పిండి పొంగు ఆ లెక్కకి చూసుకో.

కూరల సంగతి ఎక్కువ చెప్పను, మన ఇంట్లో పుట్టినదానివి. కిక్ అలిచా మన పసుపు వేసిన ముద్దపప్పే, బఠాణీపప్పుతో. షిరో అంటే శనగ, బఠాణీ పిండితో కాచే పులుసులాంటి కూర. నీకు శాకాహారం కాబట్టి బుధ, శుక్రవారాలు గుర్తుపెట్టుకో. ఆర్థొడాక్స్ క్రైస్తవులకి అవి ఉపవాసాలు, హోటళ్ళలో మాంసం, పాలు, వెన్న లేని భోజనం ఆ రోజుల్లో సులువుగా దొరుకుతుంది. యెత్సోమ్ బెయాయ్‌నెతు అని అడిగితే ఇంజెరా మీద అన్ని కూరలూ తలా కాస్త వేసి ఇస్తారు. చేప మాత్రం ఉపవాసంలో కొందరు తింటారు, అడిగి తెలుసుకో.

ఎవరింటికైనా వెళితే మెసోబ్ బుట్ట చుట్టూ అందరూ కూర్చుని ఒకే పళ్ళెంలో తింటారు. మన ఎంగిలి పట్టింపు కాసేపు పక్కన పెట్టాలి. తినే ముందు చేతులమీద నీళ్ళు పోస్తారు. కుడిచేత్తో నీ వైపున్నదే తుంచుకో, పళ్ళెం అవతలికి చెయ్యి చాచకు, వేళ్ళు నాకకు. ఎవరైనా చుట్టి నీ నోటికి అందిస్తే అది గుర్షా, మన గోరుముద్ద లాంటిది. పెద్దదిగా చుట్టారని మొహం తిప్పుకుంటే నొచ్చుకుంటారు. నోరు బాగా తెరిచి తినెయ్యి, తర్వాత నువ్వు కూడా ఒకటి పెట్టు.

మిగిలినవి తడిబట్టలో చుట్టి మూత పెడితే రెండు మూడు రోజులు ఉంటాయి. మూడోరోజువి తుంచి, ఉల్లిపాయ, బెర్బెరె కారం వేసి కలియబెడితే ఫిర్‌ఫిర్ అవుతుంది, మన మిగిలిపోయిన ఇడ్లీలతో చేసే ఉప్మాలాగ. ఎండలో ఎండబెట్టుకుంటే దిర్కోష్, అది నెలలు నిల్వ. సెలవులకి వచ్చేటప్పుడు పెట్టెలో అదే పెట్టుకుని రా. పిండి మాత్రం వద్దు, పొట్లం చిరిగితే బట్టలన్నీ ఎర్రమట్టిలో దొర్లినట్టవుతాయి.

నెలరోజులు ఊరొదిలి వస్తే ఎర్షోని ఫ్రిజ్‌లో వదిలెయ్యకు, పక్కింటావిడకిచ్చి రా. తిరిగి వెళ్ళాక ఆవిడ పిండి మీదిదే గ్లాసుడు తెచ్చుకోవచ్చు.

అల్లుడుగారికి దీవెనలు.

మీ పెద్దమ్మ