ముందు సంపుటి నంబరు చూడమ్మా

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన ‘ఫారిన్ అఫైర్స్’ చరిత్ర వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. చిత్తూరులో కూర్చుని, చుట్టుపక్కల ఎవరికీ పట్టని, విదేశీ వ్యవహారాల మీద నడిచే ఒక అమెరికన్ పత్రిక గురించి ఇన్ని పేజీలు రాయాలనిపించడమే నాకు సంతోషంగా ఉంది. అందుకే మొహమాటపడకుండా చెబుతున్నాను.

‘1922 సెప్టెంబరులో ఈ పత్రిక పుట్టింది’ అని మొదలుపెట్టావు. తప్పేమీ లేదు. 1921లో కౌన్సిల్ ఆన్ ఫారిన్ రిలేషన్స్ ఏర్పడటం, మరుసటి ఏడు ఆ సంస్థ తరఫున పత్రిక రావడం, హార్వర్డ్ చరిత్ర ప్రొఫెసర్ ఆర్చిబాల్డ్ కేరీ కూలిడ్జ్ మొదటి సంపాదకుడు కావడం, అన్నీ నిజమే. కానీ అది ఆ పత్రిక తన గురించి తాను చెప్పుకునే మాట. నువ్వు వెతికి పట్టుకున్నది కాదు. వయసులో ఉన్నప్పుడు నేనూ ఇదే వాక్యంతో ఒక వ్యాసం రాశాను. అచ్చయిన వారానికి ఒక పెద్దాయన నుంచి కార్డు వచ్చింది. ‘దానికి ముందు సంగతి?’ అని ఒకటే ముక్క. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

ముందు సంగతి వుస్టర్ అనే ఊళ్ళో ఉంది. మసాచుసెట్స్ రాష్ట్రం. అక్కడి క్లార్క్ యూనివర్సిటీలో 1910లో జార్జ్ హబ్బర్డ్ బ్లేక్స్‌లీ అనే చరిత్రకారుడు, యూనివర్సిటీ అధ్యక్షుడు స్టాన్లీ హాల్ కలిసి ఒక త్రైమాసిక పత్రిక పెట్టారు. (1909లో మనోవిశ్లేషణ పితామహుడు ఫ్రాయిడ్‌ను అమెరికాకు పిలిపించిన హాల్ ఈయనే.) పత్రిక పేరు ‘జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్’. నాగరికతలో వెనకబడినవని అనుకునే జాతులు, రాజ్యాలు ఎలా ముందుకు వస్తాయో చర్చించడానికే ఈ పత్రిక అని బ్లేక్స్‌లీ తొలి సంచికలో రాశాడు. బలహీన జాతులను దోచుకోవడం ఎలాగని కాదు, బలమైన జాతులు వాటికి సాయపడటం ఎలాగని వెతుకుతామన్నాడు. ఆ ముందుమాట నువ్వు నెమ్మదిగా చదవాలి. మంచి మనసుతోనే రాశాడనిపిస్తుంది. అయినా ఎవరు బలహీనులో, ఎవరు బలవంతులో అందులో ముందే తేలిపోయింది. ఆ వెనకబడినవాళ్ళ లెక్కలో మన తాతముత్తాతలూ ఉన్నారు.

1919లో ఆ పేరు తీసేసి ‘జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్’ అని పెట్టారు. మూడేళ్ళకు అది ‘ఫారిన్ అఫైర్స్’లో కలిసిపోయింది. ఇక్కడ సంపుటి నంబర్లు చూడమ్మా. 1919లో పేరు మారినా లెక్క ఆగలేదు. పాత పేరుతో తొమ్మిది సంపుటాలు వచ్చాయి, కొత్త పేరుతో మొదట వచ్చింది పదోది. అంటే దాన్ని నడిపినవాళ్ళకు రెండూ ఒకటే పత్రిక. 1922లో మాత్రం లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. మన తిరుమల గుడి గోడల మీది శాసనాలు చదివేవాళ్ళు రాజు బిరుదుల దగ్గరే ఆగిపోరు, సంవత్సరం కోసం వెతుకుతారు. నువ్వూ పత్రికల దగ్గర అలాగే ఉండు. పేరు ఎవరైనా మార్చుకోవచ్చు. అట్ట మీద మూలన ఉండే ఆ చిన్న అంకెను ఎవరూ అంతగా పట్టించుకోరు. నిజం ఎక్కువగా అక్కడ దొరుకుతుంది.

తెలుగులో ఇది రాయడానికి ఒక చిక్కుంది. రేస్ అన్నా ‘జాతి’ అంటాం, నేషన్ అన్నా ‘జాతి’ అంటాం. ‘అంతర్జాతీయ’లోనూ ఆ మాటే కూర్చుని ఉంది. పాత పేరును ‘జాతుల అభివృద్ధి పత్రిక’ అనీ, కొత్త పేరును ‘అంతర్జాతీయ సంబంధాల పత్రిక’ అనీ అనువదించి వదిలేస్తే, మన పాఠకుడికి అసలేమీ మారినట్టే తోచదు. ఇంగ్లీషులో మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తెలుగులో కరిగిపోతుంది. ఒంటి రంగును బట్టి మనుషులను విడదీసే మాట పోయి, దేశాలను బట్టి విడదీసే మాట వచ్చిందని విడమరిచి చెప్పు. దానికి ఒక పేరా పట్టినా ఫర్వాలేదు.

అమెరికన్ దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ గురించి నువ్వు మూడు పేజీలు రాశావు. ఒక పేజీ చాలు. 1947 జూలై సంచికలో ‘ఎక్స్’ అనే సంతకంతో సోవియట్ ప్రవర్తన మీద ఆయన రాసిన వ్యాసం అందరికీ తెలిసిందే. మిగిలిన చోటు డుబోయ్‌కి ఇవ్వు. నల్లజాతి మేధావి డుబోయ్ 1917లో ఆ పాత పత్రికలోనే తెల్లవాళ్ళ సంస్కృతిని నిలదీస్తూ రాశారు. 1925లో ‘ఫారిన్ అఫైర్స్’లోనూ రంగు గురించే రాశారు. పేరు మారినా ఆయన ప్రశ్న మారలేదు. పేరు మారిన 1919లోనే మన బెంగాలీ పండితుడు బినయ్ కుమార్ సర్కార్, ఆసియా యువతరం వైపు నుంచి అమెరికాను చూస్తూ ఆ క్లార్క్ పత్రికలోనే వ్యాసం రాశారు. వెనకబడినవాళ్ళని ఎవరి గురించి మాట్లాడుకున్నారో, వాళ్ళే అదే పత్రికలో బదులు చెప్పారు. నీ వ్యాసానికి గుండె ఇదేనని నా నమ్మకం.

చివర్లో మన ‘ఇండియా క్వార్టర్లీ’ని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నాకు బాధనిపించింది. 1943లో ఏర్పడిన ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్, 1945లో ఆ పత్రికను మొదలుపెట్టింది. అప్పటికి మనకు స్వాతంత్ర్యం లేదు, సొంత విదేశాంగ విధానమూ లేదు. చేతికి రాని దాని గురించి ముందే పత్రిక పెట్టుకున్నారు! 1947 మార్చిలో ఢిల్లీలో ఆసియా దేశాల సమావేశం జరిపించిందీ ఆ కౌన్సిలే. అంటే కెన్నన్ వ్యాసానికి నాలుగు నెలల ముందు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడు. నీకేమనిపిస్తే అది రాయి, నా మాట రాయొద్దు.

పాత సంచికల కోసం ఢిల్లీ వెళ్ళాలేమోనని టెన్షన్ పడొద్దు. క్లార్క్ యూనివర్సిటీ నాటివి జేస్టోర్, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్లలో ఉచితంగానే ఉన్నాయి. ఎవరో రాసిన పరిచయాలు తర్వాత చూద్దువు. ముందు సంచికలు తెరిచి విషయసూచిక, సంపాదకవర్గం పేర్లు చూసి నోట్సు రాసుకో.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు ఇక్కడికి వచ్చేయ్. బ్లేక్స్‌లీ ముందుమాట ప్రింటు తీసుకురా, ఇద్దరం కూర్చుని ఒక్కో వాక్యం చదువుదాం. భోజనం మా ఇంట్లోనే, అమ్మకు ముందే చెప్పి రా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు